పంచాయతీ లెక్కలకు పాస్‌వర్డు కాపలా

ఒకప్పుడు గ్రామము లెక్కలన్నియు కరణముగారి దస్త్రములో ఉండెడివి. అడంగలు, పహాణీ, రశీదు పుస్తకములు, పన్ను చిట్టాలు ఒక మూటగా కట్టి భద్రపరచెడివారు. ఆ లెక్కను మార్చదలచినవాడు ఆ యింటికి పోవలెను, మూట విప్పవలెను, కలము చేతబట్టవలెను. దిద్దిన చోట సిరా రంగు వేరుగా కనబడి, కొంత గుట్టు బయటపడుచుండెడిది. 1984లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కరణము, మునసబు, పటేలు, పట్వారీ పదవులు రద్దయినవి. అటుపిమ్మట క్రమక్రమముగా పుస్తకముల స్థానములోనికి కంప్యూటరు వచ్చినది.

నేడు జనన మరణముల నమోదు, ఇంటి పన్ను, ఉపాధి పనుల హాజరు, పింఛనుల జాబితా, భూమి హక్కుల వివరము మొదలైనవన్నియు పరిపాలనా సాఫ్టువేరు ద్వారా జరుగుచున్నవి. 2020 ఏప్రిల్ 24న కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ప్రారంభించిన ఈ-గ్రామ్ స్వరాజ్ ద్వారా పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు, చెల్లింపులు నడచుచున్నవి. ఇందువలన ప్రజలకు కలిగిన సౌకర్యము అపారము. అయితే ఒక ముఖ్యమైన భేదమును మనము గమనింపవలెను. దస్త్రము గదికి ఒకే వాకిలి ఉండెను. ఆ వాకిలి ఊరివారి కన్నుల ఎదుటనే ఉండెను. కంప్యూటరు లెక్కల వాకిలి ఇంటర్నెట్ ఉన్న ప్రతి చోటికిని తెరచుకొనియుండును. ఎచటనో కూర్చున్న అపరిచితుడు కూడ వచ్చి ఆ తలుపు తట్టగలడు. అతనిని ఆపవలసిన కాపలాదారులలో మొదటిది పాస్‌వర్డు. దానికి తోడు నిలుచునది ఖాతా లాక్ నియమము. ఈ రెండును ఎట్లు పనిచేయునో, ఎచట విఫలమగునో గ్రామ ప్రజలును, ప్రజాప్రతినిధులును, ఉద్యోగులును తెలిసికొనుట అవసరము.

పాస్‌వర్డు పుట్టుక

పాస్‌వర్డు అనగా ఒక మనిషికిని యంత్రమునకును మాత్రమే తెలిసిన రహస్య పదము. పూర్వము కోట వాకిట కావలివాడు సంకేతము అడిగి, సరిగా చెప్పినవారినే లోనికి విడిచెడివాడు. కంప్యూటరు కూడ అదే పని చేయును. అయితే దానికి ముఖము తెలియదు, గొంతు తెలియదు. పదము సరిపోయినచో వచ్చినది ఉద్యోగియే యని నమ్మి తలుపు తీయును.

1960వ దశకము తొలినాళ్లలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో నాయకత్వమున పలువురు ఒకే యంత్రమును పంచుకొని వాడుకొను పద్ధతి ఏర్పడినది. ఎవరి ఫైళ్లు వారికే దక్కుటకై అచట పాస్‌వర్డులను ప్రవేశపెట్టిరి. అవి వచ్చిన కొద్ది కాలమునకే వాటి లోపమును బయటపడినది. 1966లో ఆ యంత్రమునందు ఒక ప్రోగ్రాము తప్పు వలన రెండు ఫైళ్లు తారుమారైనవి. లోనికి వచ్చిన ప్రతివారికిని ఆనాటి సందేశమునకు బదులు అందరి పాస్‌వర్డుల జాబితా తెరపై ప్రత్యక్షమైనది. రహస్యము ఎంత గొప్పదైనను, దానిని దాచు పెట్టె బలహీనమైనచో ఫలము లేదని ఆనాడే తేలినది.

ఒక పదము తెచ్చిన ముప్పు

బలహీనమైన పాస్‌వర్డు వలన కలుగు నష్టమును తెలిసికొనుటకు 2009 జనవరిలో జరిగిన ఒక సంఘటనను పరిశీలింతము. కోట్లాది ప్రజలు వాడుకొను ట్విట్టర్ సంస్థలో, ఇతరుల ఖాతాలను సరిచేయుటకు ఉద్యోగులు వాడు ఒక పరిపాలనా సాఫ్టువేరు ఉండెను. ఆ తలుపునకు తాళముగా ఒక ఉద్యోగి పెట్టుకొన్న పాస్‌వర్డు నిఘంటువులో దొరకు సామాన్యమైన ఆంగ్ల పదము, అన్నియు చిన్న అక్షరములు. సంతోషమని అర్థమిచ్చు ‘హ్యాపీనెస్’ అను మాటయే అదియని పత్రికలు తరువాత వెల్లడించినవి.

లోనికి చొరబడదలచిన వాడు స్వయముగా కూర్చుండి ఒక్కొక్క పదము కొట్టలేదు. నిఘంటువులోని పదములను వరుసగా ప్రయత్నించు ఒక చిన్న ప్రోగ్రామును నడిపెను. అది వేల పర్యాయములు తప్పు పదములను సమర్పించినది. ప్రతిసారియు ఆ సాఫ్టువేరు “తప్పు” అని చెప్పి, మరల ప్రయత్నింపనిచ్చినదే కాని, ఇన్నిసార్లు తప్పు చెప్పుచున్న వాడెవడని అనుమానింపలేదు, తలుపు మూయలేదు. తుదకు సరియైన పదము తగిలినది. అంతట చొరబడినవాడు పలువురి పాస్‌వర్డులను మార్చివేసెను. వాటిలో కొన్నిటిని వాడుకొని ఇతరులు సుమారు తొమ్మిది ఖాతాలనుండి దొంగ సందేశములు పంపిరి. అమెరికా అధ్యక్ష పదవికి ఎన్నికై ఇంకను ప్రమాణస్వీకారము చేయని బరాక్ ఒబామా ఖాతానుండి, 500 డాలర్ల పెట్రోలు ఉచితముగా గెలుచుకొనవచ్చునను బూటకపు ప్రకటన లక్షన్నర మందికి పైగా అనుచరులకు చేరినది.

ఈ విషయమై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపి 2010లో సంస్థ లోపములను వరుసగా పేర్కొన్నది. పరిపాలనా పాస్‌వర్డులు ఊహకందనివిగా ఉండవలెనని నియమము పెట్టలేదు. తగినన్ని తప్పు ప్రయత్నముల తరువాత ఖాతాను నిలిపివేయు ఏర్పాటు లేదు. పరిపాలనా అధికారమును అవసరమైన వారికే పరిమితము చేయలేదు. సంస్థకు జరిమానా లేకపోయినను, పది సంవత్సరములపాటు ఏడాది విడిచి ఏడాది స్వతంత్ర తనిఖీ జరిపించుకొనవలెనని కట్టడి ఏర్పడినది.

ఇక్కడ దొంగ ఏ గొప్ప విద్యయు చూపలేదు. సులభమైన తాళమును, లెక్కపెట్టని కాపలాను కనుగొనెను. ఈ రెండింటిలో ఏ ఒక్కటి సరిగా ఉన్నను ఆనాడు ఆ తలుపు అంత తేలికగా తెరుచుకొనెడిది కాదు.

ఖాతా లాక్ అనగా నేమి?

కార్యాలయములలో “ఐడీ లాకైనది” అని చెప్పుకొనుట అందరును వినియుందురు. పాస్‌వర్డును కొన్ని పర్యాయములు వరుసగా తప్పుగా కొట్టినచో, తరువాత సరియైన పదము కొట్టినను కొంతకాలము తలుపు తెరువకుండుటయే ఖాతా లాక్. ఇందులో మూడు లెక్కలు ఇమిడియున్నవి. మొదటిది, ఎన్ని తప్పులకు మూయవలెను? రెండవది, ఎంతసేపు మూసియుంచవలెను? మూడవది, పాత తప్పులను ఎంతసేపటికి లెక్కనుండి తీసివేయవలెను?

ఈ పద్ధతి గ్రామీణులకు క్రొత్త కాదు. సెల్‌ఫోను సిమ్ కార్డునకు పిన్ పెట్టినచో, దానిని మూడుసార్లు తప్పుగా కొట్టిన సిమ్ మూసికొనును. అప్పుడు పీయూకే అను మరియొక సంఖ్య కావలెను. ఆ సంఖ్యను కూడ పదిసార్లు తప్పినచో సిమ్ ఇక పనికిరాదు. ఏటీఎం కార్డు కూడ సాధారణముగా మూడుసార్లు పిన్ తప్పినంతనే నిలిచిపోవును.

లాక్ వలన కలుగు మేలును లెక్కవేసి చూతము. నాలుగు అంకెల సంఖ్యలు మొత్తము 10,000 కలవు. సెకనుకు పది సంఖ్యలను ప్రయత్నించు ప్రోగ్రామునకు లాక్ అడ్డు లేనిచో అవన్నియు పూర్తి చేయుటకు 17 నిమిషములు చాలును. ఐదు తప్పులకు పదునైదు నిమిషములు మూయు నియమము పెట్టినచో గంటకు ఇరువది, దినమునకు 480 ప్రయత్నములకు మించి సాగవు. అయినను అదే 10,000 సంఖ్యలు ఇరువదియొక్క దినములలో పూర్తియగును. అనగా లాక్ ఉన్నను నాలుగంకెల సంఖ్య నెల దినములు కూడ నిలువదు.

మరి ఏటీఎంలో నాలుగంకెలు ఎట్లు చాలుచున్నవి? అచట సంఖ్యతోపాటు కార్డు కూడ చేతిలో ఉండవలెను. యంత్రము మూడు తప్పులకే ఆపును. కార్డు లేనివానికి సంఖ్య తెలిసినను ఆ యంత్రము ఎదుట ప్రయోజనము లేదు. ఇంటర్నెట్‌లోని సాఫ్టువేరునకు అట్టి కార్డు లేనపుడు పాస్‌వర్డే సర్వస్వము.

ఇప్పుడు ఆరు ఆంగ్ల అక్షరముల పాస్‌వర్డును చూతము. ఏ అర్థమును లేకుండ అక్షరములను కలిపినచో 30,89,15,776 కూర్పులు వచ్చును. లాక్ లేనిచో పైన చెప్పిన ప్రోగ్రాము వానినన్నిటిని ఒక సంవత్సరము లోపుననే ముగించును. లాక్ ఉన్నచో 1,760 సంవత్సరములకు పైగా పట్టును. ఒకే తాళము, ఒకే దొంగ. తప్పులను లెక్కపెట్టు కాపలా చేరినంతనే ఏడాది పని పదునేడు శతాబ్దములకు పెరిగినది.

లాక్ ఆపలేని దొంగలు

ఇంత మేలు చేయు లాక్‌ను చూచి మనము నిశ్చింతగా ఉండరాదు. దానికి మూడు హద్దులు కలవు.

మొదటిది: ఐదు ప్రయత్నములలోనే తెలిసిపోవు పాస్‌వర్డును లాక్ కాపాడలేదు. 2009 డిసెంబరులో రాక్‌యూ అను అమెరికా సంస్థనుండి 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటపడినపుడు వానిలో అందరికంటె ఎక్కువమంది వాడినది ‘123456’ అని తేలినది. గ్రామము పేరు, దాని ప్రక్క సంవత్సరము, సర్పంచిగారి పేరు, కార్యాలయము ఫోను నంబరు, ఇట్టివన్నియు ఆ ఊరిని ఎరిగిన వానికి మొదటి ఐదు ఊహలలోనే వచ్చును.

రెండవది: దొంగ ఒకే ఖాతాపై వేయి పదములు ప్రయత్నించుటకు మారు, వేయి ఖాతాలపై ఒకే పదమును ప్రయత్నింపవచ్చును. ఒక్కొక్క ఖాతాలో ఒక్క తప్పు మాత్రమే నమోదగును గనుక ఏ తలుపును మూసికొనదు. ఒక శాఖ తన కార్యాలయములన్నిటికి ఒకే తొలి పాస్‌వర్డును పంపి, దానిని మార్చుకొనుటను వారి ఇష్టమునకు వదలినచో, ఈ విధమైన దొంగకు పంట పండినట్లే. కావున తొలి లాగిన్‌లోనే పాస్‌వర్డు మార్చనిదే ముందుకు పోనీయని ఏర్పాటు సాఫ్టువేరులోనే ఉండవలెను.

మూడవది: దొంగ తలుపు తట్టుట మాని, పాస్‌వర్డుల జాబితానే ఎత్తుకొనిపోవచ్చును. అప్పుడతడు తన యింట కూర్చుండి ఆ జాబితాపై ఊహలు ప్రయోగించును. అచట లెక్కపెట్టు కాపలాదారు ఉండడు. బలహీనమైన పద్ధతిలో దాచిన జాబితాపై నేటి యంత్రములు సెకనుకు వందల కోట్ల ఊహలు చేయగలవు. పైన చెప్పిన ఆరక్షరముల కూర్పులు అట్టి వేగమునకు ఒక్క సెకను కూడ నిలువవు. అందుచేతనే పాస్‌వర్డును ఉన్నదున్నట్లు వ్రాసిపెట్టక, తిరిగి విప్పజాలని రూపమునకు మార్చి దాచవలెను. బెల్ ప్రయోగశాలలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన వ్యాసములో ఈ విధానమును వివరించిరి. ఒక్కొక్క పాస్‌వర్డునకు వేరొక సంఖ్యను కలిపి మార్చుటచే, ఒక ఊహతో జాబితానంతటిని ఒక్కసారి పరీక్షించు అవకాశము పోవునని చూపిరి. దీనినే ఉప్పు కలుపుట యని వాడుక.

ఆ వ్యాసములోనే వారు మరియొక చేదు నిజమును చెప్పిరి. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 2,831, అనగా నూటికి 86, మిక్కిలి పొట్టివో, నిఘంటువులలోను పేర్ల జాబితాలలోను దొరకునవో అని తేలినది.

ఎట్టి పాస్‌వర్డు మంచిది?

చాలకాలము పెద్ద అక్షరము, చిన్న అక్షరము, అంకె, గుర్తు తప్పక కలుపవలెననియు, కొన్ని నెలలకొకసారి మార్చవలెననియు నియమములు సాగినవి. పైన చెప్పిన అమెరికా విచారణలో కూడ 90 దినములకు ఒకసారి మార్పింపకుండుట ఒక లోపముగా పేర్కొనబడినది. అయితే అనుభవము మరియొక విధముగా పలికినది. మాటిమాటికి మార్చుమన్నచో మనుష్యులు పాత పాస్‌వర్డు చివర ఒక అంకెను పెంచుదురు. గుర్తు కలుపుమన్నచో చివర ఒక ఆశ్చర్యార్థకమును తగిలింతురు. ఈ అలవాట్లు దొంగలకును తెలియును.

అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ 2003లో వెలువరించిన పాస్‌వర్డు సూచనలను వ్రాసిన బిల్ బర్ తానే, వానిలో చాల భాగము విషయమై విచారించుచున్నానని 2017లో చెప్పెను. ఆ సంవత్సరమే ఆ సంస్థ నియమములను మార్చి, పాస్‌వర్డు బయటపడినదను ఆధారము ఉన్నప్పుడే మార్పింపవలెననియు, బలవంతపు గుర్తుల నియమము వలదనియు, లోకమునకు తెలిసిపోయిన పాస్‌వర్డులను సాఫ్టువేరే నిరాకరింపవలెననియు చెప్పినది. 2025లో వెలువడిన సవరణ ప్రకారము, పాస్‌వర్డు ఒక్కటియే కాపలాగా ఉన్నచోట అది కనీసము 15 అక్షరములు ఉండవలెను.

పొడవునకు ఇంత ప్రాధాన్యమేల? ఎనిమిది స్థానములలో కీబోర్డు మీది 94 అక్షరములు, అంకెలు, గుర్తులలో దేనినైనను వాడినచో సుమారు 61 కోట్ల కోట్ల కూర్పులు వచ్చును. ఏ గుర్తును లేక కేవలము చిన్న అక్షరములతోనే పండ్రెండు స్థానములు నింపినచో సుమారు 954 కోట్ల కోట్ల కూర్పులు వచ్చును. అనగా పొడవు పెంచుట వలన పదునైదు రెట్లు బలము కలిగినది. గుర్తుంచుకొనుట కూడ తేలికైనది. అయితే ఆ అక్షరములు పేరుగానో, సామెతగానో, పాట పల్లవిగానో ఉండరాదు. ఒకదానితో ఒకటి పొత్తులేని నాలుగైదు తెలుగు మాటలను కలిపి, ఆంగ్లాక్షరములలో వ్రాసికొన్నచో పొడవును, జ్ఞాపకమును రెండును సమకూరును. మాటలను మనసుకు నచ్చినట్లు గాక, ఒక పుస్తకమును అక్కడక్కడ తెరచి ఏరుకొనుట మేలు. శాఖవారు ఇంకను గడువునకు మార్చుమని కోరుచున్నచో ఆ నియమమును పాటింపవలసినదే. కాని పాతదానికి అంకె తగిలించుట మార్చుట కాదు.

లాక్ వలన కలుగు చిక్కులు

కాపలా మిక్కిలి కఠినమైనచో ఇంటివారే బయట నిలువవలసివచ్చును. రెండు తప్పులకే దినమంతయు మూయు నియమము పెట్టినచో ఏమి జరుగునో ఊహింపుడు. బిల్లు సమర్పించుటకు ఆనాడే కడపటి గడువు. కీబోర్డులో పెద్ద అక్షరముల మీట పొరపాటున నొక్కియుండుటచే కార్యదర్శి ఖాతా మూసికొన్నది. కూలి డబ్బులకై పదిమంది వాకిట నిలిచియున్నారు. ఇట్టి ఇబ్బంది రెండుసార్లు కలిగినంతనే ఉద్యోగి ఉపాయము వెదకును. పాస్‌వర్డును కాగితముపై వ్రాసి తెరకు అంటించును. లేదా ప్రక్కవారి ఖాతాతో పని నడుపును. కఠినమైన నియమమే ఈ విధముగా అసలు రక్షణను చెడగొట్టును.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. లోనికి రాదలచనివాడు కూడ లాక్‌ను ఆయుధముగా వాడవచ్చును. ఉద్యోగి ఐడీ మాత్రమే తెలిసినవాడు కావలెనని తప్పు పాస్‌వర్డులు కొట్టి ఆ ఖాతాను మూయించి పని స్తంభింపజేయగలడు. 2008 నవంబరులో బయలుదేరి 2009లో లోకమంతట ప్రాకిన కాన్‌ఫికర్ అను కంప్యూటరు పురుగు ఆఫీసు నెట్‌వర్కులలోని పాస్‌వర్డులను ఊహించుచు పోవుటచే ఎన్నో కార్యాలయములలో ఉద్యోగుల ఖాతాలు గుంపులుగా మూసికొన్నవి. అచట లాక్ తన పని తాను చేసి ప్రమాదమును తెలిపినది. పని మాత్రము ఆగినది.

కావున నడిమి మార్గము అవసరము. 2022లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 11లో పది తప్పులకు పది నిమిషములు మూయు ఏర్పాటును ముందుగానే అమర్చి ఇచ్చుట ప్రారంభించినది. అట్లు తనంతట తాను తెరచుకొను లాక్ ఉన్నచో పొరపాటు చేసిన ఉద్యోగి కొద్దిసేపు ఆగిన చాలును. ప్రోగ్రామును నడుపు దొంగకు మాత్రము ప్రతి పది నిమిషములును బరువగును. కొన్ని సాఫ్టువేరులు ఒక్కొక్క తప్పునకు నిరీక్షణ కాలమును పెంచుచు పోవును. ఇదియు మంచి పద్ధతియే. ఇతరులకు హక్కులిచ్చు ముఖ్య నిర్వాహకుని ఖాతా విషయములో మరింత జాగ్రత్త వలయును. ఒక నిర్వాహకుని ఖాతా మూసికొన్నపుడు తెరచుటకు వేరొక అధికారి సిద్ధముగా ఉండవలెను. ప్రతి లాక్ వార్తయు పై అధికారికి చేరవలెను. ఏల యనగా అర్ధరాత్రి మూసికొన్న ఖాతా ఉద్యోగి పొరపాటు కాకపోవచ్చును.

మూసిన తలుపు తెరచు పద్ధతి

లాక్ ఎంత గట్టిదైనను, దానిని తెరచువాడు అమాయకుడైనచో అంతయు వ్యర్థము. “సార్, నా ఐడీ లాకైనది, క్రొత్త పాస్‌వర్డు ఇప్పింపుడు” అని ఫోనులో అడిగినవాడు నిజముగా ఆ ఉద్యోగియేనా? 2020 జూలైలో అదే ట్విట్టర్ సంస్థ ఉద్యోగులను కొందరు ఫోనులో మోసగించి పరిపాలనా సాఫ్టువేరులో చొరబడిరి. 130 ఖాతాలపై గురిపెట్టి, 45 ఖాతాలనుండి దొంగ సందేశములు పంపిరి. తాళము బలపడినపుడు దొంగ తాళము చేతులున్న మనిషి వద్దకు వచ్చునని దీనివలన తెలియుచున్నది.

అందుచేత ఖాతాను తెరచుమని ఫోను వచ్చినచో, ఆ మాటతో పని ముగింపక, కార్యాలయ రిజిస్టరులో నమోదైన ఆ ఉద్యోగి నంబరుకు తిరిగి ఫోను చేసి విచారింపవలెను. అట్లే “జిల్లా కార్యాలయము నుండి మాటలాడుచున్నాము, మీకు వచ్చిన ఓటీపీ చెప్పుడు” అని ఎవరడిగినను చెప్పరాదు. నిజమైన అధికారికి మీ ఓటీపీతో పనిలేదు.

రెండు తాళముల పద్ధతి

దేవాలయములలో హుండీకి రెండు తాళములు వేసి, చేతులు ఇరువురి వద్ద ఉంచుట మన ప్రాంతములో తెలిసిన ఆచారము. ఒక్కరే వచ్చి తెరువలేరు; ఇరువురును ఉన్నపుడే తెరచుకొనును. పరిపాలనా సాఫ్టువేరులోను ఇట్టి ఏర్పాటు కలదు. పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చు ఓటీపీగాని, వ్రేలిముద్రగాని అడుగుట ఒక విధము. ఈ-గ్రామ్ స్వరాజ్ చెల్లింపులలో ఒకరు బిల్లు సిద్ధపరచవలెను, మరియొకరు పరిశీలించి ఆమోదింపవలెను. ఇరువురును తమ తమ డిజిటల్ సంతకములు చేయవలెను. ఇది రెండవ విధము.

కాని రెండు చేతులును ఒకే మనిషి జేబులో ఉన్నచో రెండు తాళములు ఏల? సర్పంచిగారికి తీరికలేదని ఆయన డిజిటల్ సంతకపు టోకెన్‌ను, దాని రహస్య సంఖ్యను కంప్యూటరు ఆపరేటరు వద్ద విడిచినచో, చట్టము ఏర్పరచిన ఇరువురి పరిశీలన కాగితము మీదనే మిగులును. ఆపరేటరు నీతిమంతుడే కావచ్చును. అయినను పొరపాటు జరిగిననాడు సాఫ్టువేరు రికార్డులో నిలుచునది ఆపరేటరు పేరు కాదు, సంతకము యజమాని పేరే. తాను చూడని బిల్లునకు తానే సమాధానము చెప్పవలసివచ్చును. అదే విధముగా, తన పాస్‌వర్డు ఇతరులకిచ్చిన ఉద్యోగి, తెల్లకాగితముపై సంతకము చేసి ఇచ్చినవానితో సమానుడు.

చట్టము చెప్పునది

సమాచార సాంకేతిక చట్టము, 2000లోని 66-సి విభాగము ప్రకారము ఇతరుల పాస్‌వర్డునుగాని, ఎలక్ట్రానిక్ సంతకమునుగాని మోసబుద్ధితో వాడినవారికి మూడు సంవత్సరముల వరకు కారాగార శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. 2008లో చేసిన సవరణ ద్వారా ఈ విభాగము చేరి, 2009 అక్టోబరు 27 నుండి అమలులోనికి వచ్చినది. ప్రభుత్వ సంస్థల కంప్యూటరులలో అక్రమ ప్రవేశము వంటివి జరిగినచో, తెలిసిన ఆరు గంటలలోపున కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థకు తెలుపవలెనని 2022 ఏప్రిల్ 28న ఉత్తర్వు వెలువడినది. సైబరు మోసముచే సొమ్ము పోగొట్టుకొన్న పౌరులు 1930 నంబరుకు వెంటనే ఫోను చేయవలెను.

గ్రామస్థుల పాత్ర

ఇవన్నియు ఉద్యోగులకు సంబంధించిన విషయములని గ్రామస్థులు ఉదాసీనులై ఉండరాదు. ఆ సాఫ్టువేరులో నున్నది వారి భూమి, వారి కూలి, వారి పింఛను, వారి పన్ను సొమ్ము. గ్రామసభలో లెక్కలడుగు హక్కు ఉన్నట్లే, లెక్కల కాపలాను గూర్చి అడుగు హక్కును వారికి కలదు. పాస్‌వర్డు ఏమిటని అడుగరాదు. అడుగవలసిన ప్రశ్నలు వేరుగా కలవు. ప్రతి ఉద్యోగికి వేరు వేరు ఐడీ ఉన్నదా, లేక ఒకే ఐడీతో అందరును పని చేయుచున్నారా? బదిలీ అయినవారి, పదవి ముగిసినవారి ఖాతాలను మూసివేసితిరా? సర్పంచిగారి డిజిటల్ సంతకము ఎవరి వద్ద ఉన్నది? ఖాతా లాక్ అయినపుడు దానిని తెరచువారు ఎవరు, ఆ వివరము ఎచట నమోదగుచున్నది?

ఈ ప్రశ్నలు ఎవరి నిజాయితీని శంకించుటకు కావు. నిజాయితీ గల కార్యదర్శికి ఇవే రక్ష. ఎవరి ఐడీ వారిదే అయినపుడు ఎవరి తప్పు వారికే చెందును. చేయని తప్పు ఎవరి మెడకును చుట్టుకొనదు.

అదే విధముగా, పని త్వరగా కావలెనను ఆతురతతో గ్రామస్థులు ఉద్యోగిని తొందరపెట్టి, “ఆ పాస్‌వర్డు మా అబ్బాయికి చెప్పుడు, వాడే చేసికొనును” అని కోరుట తగదు. ఒకరి సౌకర్యమునకై తీసిన గడియ ఊరందరి లెక్కలకును గడియ తీసినట్లే యగును.

పొడవైన పాస్‌వర్డు, తప్పులను లెక్కపెట్టు లాక్, రెండవ తాళము, విచారించి తలుపు తెరచు అధికారి: ఈ నాలుగును ఒకదానికొకటి తోడు. వానిలో ఏ ఒక్కటి లోపించినను తక్కినవానిపై భారము పెరుగును. వీనికి ధనవ్యయము స్వల్పము, కావలసినది అలవాటు. దస్త్రపు మూటను కాపాడిన నాటి శ్రద్ధనే నేటి కంప్యూటరు లెక్కల యెడల చూపినచో, గ్రామము సొమ్ము గ్రామమునకే దక్కును, గ్రామస్థుని హక్కు అతని పేరనే నిలుచును.